కంటికి కనబడని గాయం: చట్టం దేనిని శారీరక హాని అంటుంది?



శ్రీహరికోటలో రాకెట్ ప్రయోగం జరిగే రోజున సూళ్లూరుపేటలో ఉన్నవారికి రెండు అనుభవాలు కలుగుతాయి. మొదట పులికాట్ సరస్సుకు ఆవల, తూర్పు దిక్కున, నిప్పుల వెలుగు పైకి లేస్తుంది. ఆ తరువాత కొంతసేపటికి గర్జన వినబడుతుంది. గోడలు సన్నగా అదురుతాయి, కిటికీ అద్దాలు గలగలలాడతాయి. ఆ తీర ప్రాంతంలో ప్రభుత్వ వైద్యుడిగా పనిచేసిన కాలంలో ఈ దృశ్యాన్ని ఎన్నోసార్లు చూశాను.

కొంతకాలం క్రితం, అటువంటి ఒక సాయంత్రం, న్యాయశాస్త్రం చదువుతున్న మా బంధువుల కుర్రవాడు నన్నొక ప్రశ్న అడిగాడు. "తాతయ్యా, అద్దం పగిలితే నష్టం అంటాం. గలగలలాడి ఊరుకుంటే నష్టం కాదు. మరి మనిషి శరీరం సంగతి ఏమిటి? ఎంత అదిరితే అది హాని అవుతుంది?"

చిన్న ప్రశ్నే గాని, నలభై ఏళ్ల వైద్యవృత్తిలో నేను తీరికగా ఆలోచించని ప్రశ్న. నేను న్యాయవాదిని కాను. అయినా శరీరానికి జరిగిన హానిని కాగితం మీద రాసేది వైద్యుడే కనుక, ఆ పదానికి న్యాయస్థానాలు ఏ అర్థం చెబుతూ వచ్చాయో తెలుసుకోవాలనిపించింది. చదివి తెలుసుకున్నది మీ ముందుంచుతున్నాను. ఇది మీ ఆరోగ్యానికి సంబంధించిన విషయమే. ఎందుకో చివరికి వచ్చేసరికి మీకే బోధపడుతుంది.

నిర్లక్ష్యానికి మూడు కాళ్లు

సివిలు న్యాయంలో నిర్లక్ష్యం అనే దావా మూడు కాళ్ల పీట వంటిది. ఎదుటివానిపట్ల జాగ్రత్త వహించవలసిన బాధ్యత ఉండాలి. ఆ బాధ్యతను ఉల్లంఘించి ఉండాలి. ఆ ఉల్లంఘన వలన హాని జరిగి ఉండాలి. మొదటి రెండూ ఎంత బలంగా ఉన్నా మూడవది లేకపోతే పీట నిలవదు. లారీ డ్రైవరు మద్యం మత్తులో మీ ఇంటి గోడకు అంగుళం దూరంలోనుంచి దూసుకుపోయాడనుకోండి. పోలీసులు అతనిని శిక్షించవచ్చు. కాని మీరు పరిహారం కోరలేరు, ఎందుకంటే మీకు ఏమీ జరగలేదు.

ఈ శాస్త్రానికి ఆధునిక పునాది వేసిన కథ ఒక నత్తతో మొదలైంది. 1928 ఆగస్టులో స్కాట్లాండులోని పెయిస్లీ పట్టణంలో ఒక మహిళ అల్లం పానీయం తాగింది. సీసాలో కుళ్లిన నత్త అవశేషాలు ఉన్నాయని, వాటివలన తాను జబ్బుపడ్డానని ఆమె ఆరోపించింది. 1932 మేలో బ్రిటిష్ ప్రభువుల సభ, తయారీదారుకు వినియోగదారుపట్ల జాగ్రత్త బాధ్యత ఉంటుందని తేల్చింది. ఆమె చేతికి, కాలికి దెబ్బ తగలలేదు. వాంతులు, కడుపునొప్పి, మానసికమైన అదురు మాత్రమే. అంటే వ్యాధి కూడా హానియే.

మన నేరచట్టం ఈ మాటను అంతకు చాలా ముందే చెప్పింది. 1860 నాటి భారతీయ శిక్షాస్మృతి 319వ సెక్షను ప్రకారం శారీరకమైన నొప్పి, వ్యాధి, అశక్తత, వీటిలో దేనిని కలిగించినా గాయపరచినట్టే. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ 114వ సెక్షనుగా ఇదే నిర్వచనం కొనసాగుతున్నది. తీవ్ర గాయానికి పాత చట్టంలో ఉన్న 20 రోజుల కొలమానం మాత్రం కొత్త చట్టంలో 15 రోజులైంది. అయినా మా వైద్యుల అలవాటు వేరు. గాయాల ధ్రువపత్రం రాసేటప్పుడు కత్తిగాటు పొడవు, కమిలిన చోటి వెడల్పు సెంటీమీటర్లలో రాస్తాం. కొలవలేని దానిని గాయమని రాయడానికి మా కలం వెనుకాడుతుంది. ఆ అలవాటు ఖరీదు ఎంతో ముందుముందు చెబుతాను.

అదురు కూడా దెబ్బేనా?

పందొమ్మిదవ శతాబ్దపు న్యాయమూర్తులదీ ఇదే అలవాటు. ఆస్ట్రేలియాలో ఒక దంపతులు గుర్రపుబగ్గీలో రైల్వే గేటు దాటుతున్నారు. గేటు కాపలాదారు అజాగ్రత్త వలన రైలు వారిని ఢీకొట్టినంత పని చేసింది. తాకలేదు. భార్య స్పృహతప్పి పడిపోయింది, తరువాత ఆమెకు గర్భస్రావమైంది. 1888లో ప్రివీ కౌన్సిల్ ఆమెకు పరిహారం నిరాకరించింది. తాకిడి లేనిదే, కేవలం భయం వలన కలిగిన అనారోగ్యాన్ని పరిహరించవలసిన హానిగా లెక్కించలేమన్నది. మన దేశపు కేసులకు కూడా ఆనాడు చివరి అప్పీలు వినేది ఆ ప్రివీ కౌన్సిలే.

పదమూడేళ్ల తరువాత, 1901లో, లండనులో మరొక కేసు వచ్చింది. మద్యశాలలో పనిచేస్తున్న ఒక గర్భిణి ఎదుటికి గుర్రాల బండి దూసుకొచ్చింది. ఆమెను తాకలేదు. ఆ భయంతో జబ్బుపడి నెలలు నిండకుండానే ప్రసవించింది. ఈసారి న్యాయస్థానం ఆమె దావా చెల్లుతుందని చెప్పింది. తనకే దెబ్బ తగులుతుందన్న న్యాయమైన భయం శరీరాన్ని రోగగ్రస్తం చేస్తే, అది శారీరక హానియే.

వైద్యుడిగా నాకు ఈ రెండవ తీర్పులో ఆశ్చర్యమేమీ కనబడదు. భయం కలిగినప్పుడు అడ్రినలిన్ పెరుగుతుంది, గుండె వేగం, రక్తపోటు మారతాయి. నాడులు శరీరంలో భాగం కావా? అయితే చట్టం ఇక్కడొక గీత గీసింది. గుర్తించదగిన వ్యాధిగా మారిన అదురుకు పరిహారం ఉంటుంది. కాసేపు గుండె దడదడలాడి సర్దుకున్న దానికి ఉండదు. అద్దం గలగలలాడటానికీ పగలడానికీ ఉన్న తేడా ఇదే.

దుమ్ము చెప్పిన కథ

అసలైన చిక్కు ఎక్స్‌రేతో వచ్చింది. అంతవరకు రోగి చెప్పినదీ కంటికి కనబడినదే హాని. ఎక్స్‌రే వచ్చాక రోగికి తెలియని హాని కూడా కనబడసాగింది.

ఇంగ్లండులోని షెఫీల్డు ఉక్కు కర్మాగారంలో కొందరు కార్మికులు ఏళ్ల తరబడి సిలికా దుమ్ము పీల్చారు. వారి ఊపిరితిత్తులు నెమ్మదిగా గట్టిపడ్డాయి. ఆయాసం కనబడి, జబ్బు బయటపడి, వారు దావా వేసేసరికి కాలపరిమితి దాటిపోయిందని యాజమాన్యం వాదించింది. 1963లో ప్రభువుల సభ ఆ వాదాన్ని అంగీకరించక తప్పలేదు. ఊపిరితిత్తులకు చెప్పుకోదగిన నష్టం జరిగిన నాడే హక్కు పుట్టింది, కార్మికునికి తెలిసినా తెలియకపోయినా గడియారం ఆనాడే నడవడం మొదలుపెట్టింది అని తీర్పు. తమ తీర్పులో అన్యాయం ఉందని న్యాయమూర్తులే ఒప్పుకున్నారు. అదే ఏడాది బ్రిటిష్ పార్లమెంటు చట్టాన్ని సవరించింది. మన దేశంలోనూ అదే 1963లో వచ్చిన కాలపరిమితి చట్టం 23వ సెక్షనులో ఒక ఊరట ఉంది. ఏదైనా చర్య వలన నిర్దిష్టమైన హాని కలిగితే తప్ప దావా హక్కు పుట్టని సందర్భాలలో, ఆ హాని కలిగిన నాటి నుంచే గడువు లెక్కించాలి.

సిలికా దుమ్ము మనకు దూరపు సంగతి కాదు. చిత్తూరు జిల్లా సరిహద్దును ఆనుకొని ఉన్న కోలారు బంగారు గనులలో తరతరాలుగా తెలుగు, తమిళ కార్మికులు పనిచేశారు. భూగర్భంలో స్ఫటికశిలను తొలిచినప్పుడు లేచే దుమ్ము వారి రొమ్ములలో చేరింది. మన దేశంలో సిలికోసిస్‌ను మొదట గుర్తించిన చోట్లలో ఆ గనులు ఒకటి. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. దుమ్ము మాత్రం పీల్చినవారి ఊపిరితిత్తులలోనే ఉండిపోయింది. సిలికోసిస్ లక్షణమే అది. పని మానినా జబ్బు మానదు.

ఇక్కడ నా పొరపాటు ఒకటి చెప్పుకోవాలి.

1980వ దశకంలో, తీరం వైపు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేస్తుండగా, యానాది తెగకు చెందిన ఒక మనిషి దగ్గుతో వచ్చాడు. వయసు నలభై లోపే. బక్కపలచని శరీరం, మాట్లాడితే ఆయాసం. సరస్సులో చేపలు దొరకని కాలంలో ఏళ్ల తరబడి కంకర క్వారీలో రాళ్లు కొట్టాడట. క్వారీలో ఏదో తగాదా జరిగి, మేస్త్రీ తోశాడని కూడా చెప్పాడు. నేను ఒళ్లంతా చూశాను. ఓపీ చీటీ మీద ఇలా రాశాను: "శరీరముపై గాయములేవియు లేవు. దగ్గు కలదు. మందులు ఇవ్వబడినవి." మా కేంద్రంలో ఎక్స్‌రే యంత్రం లేదు. జిల్లా ఆసుపత్రికి పంపవచ్చు, పంపలేదు. వృత్తి ఏమిటో నోటితో చెప్పాడు, చీటీ మీద నేను రాయలేదు. ఆ రోజు బయట బారెడు వరుస ఉంది. అది కారణమే గాని సమర్థన కాదు.

రెండేళ్లు గడిచాక అతని భార్య వచ్చింది. మనిషి చనిపోయాడు. పరిహారం అడగడానికి వెళితే, ఇతనికి ఏ గాయమూ లేదని ప్రభుత్వ వైద్యుడే రాశాడని క్వారీ తరఫువారు నా చీటీనే చూపించారట. "అయ్యా, మీరు లేవంటిరి గదా, మరి లోపల ఉండింది ఎవరు చూడాల?" అని అడిగింది. ఆమె గొంతులో కోపం లేదు. అందుకే ఆ ప్రశ్న ఇప్పటికీ నాతో ఉంది.

1923 నాటి కార్మిక పరిహార చట్టం, తన జాబితాలోని వృత్తివ్యాధిని పనిలో ప్రమాదవశాత్తు తగిలిన గాయంగానే భావించాలని చెప్పింది. సిలికోసిస్ ఆ జాబితాలో ఉన్నది. అంటే చట్టం ఆమె వైపే ఉంది. కాగితం మాత్రం లేదు. నేను రాసిన వాక్యంలో అబద్ధమూ లేదు. చర్మం మీద గాయాలు నిజంగానే లేవు.

మచ్చ ఉంది, బాధ లేదు

లోపలి మార్పు ప్రతిదీ హానియేనా? ఈ ప్రశ్న 2007లో మళ్లీ ప్రభువుల సభ ముందుకు వచ్చింది. రాతినార, అంటే ఆస్బెస్టాస్, పీల్చిన కార్మికుల ఊపిరితిత్తుల పొర మీద గట్టి మచ్చలు ఏర్పడతాయి. వాటివలన సాధారణంగా ఆయాసం ఉండదు, అవే క్యాన్సరుగా మారవు. ఆ మనిషి రాతినార పీల్చాడనడానికి అవి గుర్తులు మాత్రమే. మున్ముందు ఏ ప్రాణాంతక వ్యాధి వస్తుందోనన్న బెంగ మాత్రం రోగిని వదలదు. మచ్చ, బెంగ, భవిష్యత్తు ప్రమాదం, ఈ మూడింటినీ కలిపి లెక్కించినా పరిహారానికి తగిన హాని కాదని న్యాయస్థానం తేల్చింది. ఆ బెంగతోనే మానసిక వ్యాధికి లోనైన వ్యక్తికి కూడా ఊరట దొరకలేదు. ఈ తీర్పు స్కాట్లాండుకు రుచించలేదు. 2009లో అక్కడి పార్లమెంటు, అటువంటి మచ్చలు పరిహారార్హమైన హానియేనని ప్రత్యేక చట్టం చేసింది. శరీరం ఒక్కటే, మచ్చ ఒక్కటే. సరిహద్దు దాటితే చట్టపు అర్థం మారింది.

2018లో బ్రిటన్ సుప్రీంకోర్టు మరొక అడుగు వేసింది. వాహనాల పొగను శుద్ధిచేసే పరికరాలు తయారుచేసే కర్మాగారంలో కొందరు కార్మికుల శరీరాలు ప్లాటినం లవణాలకు సున్నితమయ్యాయి. వారికి ఏ లక్షణమూ లేదు. ఆ లవణాలను మళ్లీ పీల్చితే మాత్రం ఎలర్జీ వస్తుంది. అందువలన ఆ పని వారికి పనికిరాకుండా పోయింది. ఇది కేవలం జీతం నష్టమని యాజమాన్యం వాదించింది. కాదు, ఆ వృత్తి చేయగల సామర్థ్యాన్ని శరీరం కోల్పోయింది కనుక ఇది శారీరక హానియేనని ధర్మాసనం తీర్పు చెప్పింది. మచ్చ కనబడినా పరిహారం రాని కేసు ఒకటి, ఏదీ కనబడకపోయినా పరిహారం వచ్చిన కేసు మరొకటి. రెండింటినీ కలిపి చదివితే సూత్రం బోధపడుతుంది. చట్టం అడిగేది శరీరంలో మార్పు వచ్చిందా అని కాదు, ఆ మార్పు వలన మనిషి మునుపటికంటే చెప్పుకోదగినంతగా నష్టపోయాడా అని.

రాతినార కూడా మనకు పరాయిది కాదు. కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో దాని గనులుండేవి. 1995 జనవరి 27న మన సుప్రీంకోర్టు రాతినార పరిశ్రమలకు ఒక ఆదేశమిచ్చింది. ప్రతి కార్మికుని ఆరోగ్య రికార్డును ఉద్యోగంలో చేరిన నాటి నుంచి కనీసం 40 ఏళ్లు, లేదా పని మానిన తరువాత 15 ఏళ్లు, వీటిలో ఏది తరువాత అయితే అంతవరకు భద్రపరచాలన్నది. ఆ వ్యాధులు బయటపడడానికి దశాబ్దాలు పడుతుందని తెలిసిన తీర్పు అది.

పీల్చారు, ఇంకా జబ్బు పడలేదు

1984 డిసెంబరు భోపాల్ విషవాయువు మన న్యాయస్థానాలను ఇంకా కష్టమైన ప్రశ్న ముందు నిలబెట్టింది. వాయువు పీల్చి, అప్పటికి ఏ లక్షణమూ లేనివారి సంగతి ఏమిటి? 1991 అక్టోబరు 3 నాటి తీర్పులో సుప్రీంకోర్టు మధ్యేమార్గం ఎంచుకుంది. భవిష్యత్తులో లక్షణాలు బయటపడే అవకాశం ఉన్న సుమారు లక్షమందికి ఎనిమిదేళ్లపాటు వైద్య బీమా రక్షణ కల్పించాలని, 500 పడకల ఆసుపత్రి, వైద్య పర్యవేక్షణ ఏర్పాటుచేయాలని ఆదేశించింది. చేతికి సొమ్ము ఇవ్వలేదు. వారిని పట్టించుకోకుండా వదిలివేయనూ లేదు.

మన విశాఖపట్నంలో 2020 మే 7 తెల్లవారుజామున ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి స్టైరీన్ ఆవిరి ఆర్.ఆర్. వెంకటాపురం మీదికి పాకింది. అధికారిక లెక్కల ప్రకారం 12 మంది చనిపోయారు, వందల మంది ఆసుపత్రి పాలయ్యారు. ఆ మరునాడే జాతీయ హరిత ట్రిబ్యునల్ కంపెనీని 50 కోట్ల రూపాయలు జమచేయమని ఆదేశించింది. రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించిన సాయాన్ని ఈ వ్యాసం దృష్టితో ఒకసారి చూడండి. చనిపోయినవారి కుటుంబానికి కోటి రూపాయలు. వెంటిలేటరు మీద ఉన్నవారికి 10 లక్షలు. రెండు మూడు రోజులు ఆసుపత్రిలో ఉన్నవారికి లక్ష. ప్రాథమిక చికిత్స పొందినవారికి 25 వేలు. ప్రభావిత గ్రామాలలో నివసించే ప్రతి మనిషికీ 10 వేలు. ఆ చివరి మెట్టును గమనించండి. వారికి జబ్బు రుజువు కానక్కరలేదు, ఆ ఊరివారైతే చాలు. నిర్లక్ష్యపు దావాలో దొరకనిది పరిపాలన ద్వారా దొరికింది. అయితే ప్రభుత్వం దయతలిస్తే వచ్చేది వేరు, హక్కుగా వచ్చేది వేరు.

మా ఆపరేషన్ గదులలో

మా వృత్తిని వదిలి మాట్లాడితే న్యాయం కాదు. 1990లో హైదరాబాదులోని నిజాం వైద్య విజ్ఞాన సంస్థలో ఒక ఇంజనీరింగు విద్యార్థి ఛాతీలోని కణితికి శస్త్రచికిత్స జరిగింది. ఆ యువకునికి నడుము కింది భాగం చచ్చుబడింది. 2009 మే 14న సుప్రీంకోర్టు కోటి రూపాయల పరిహారం, వడ్డీ ఇవ్వాలని తీర్పిచ్చింది. కణితిని పూర్తిగా తొలగించడానికి సరైన అనుమతి తీసుకోలేదని, నాడీ శస్త్రవైద్యుని సహాయం లేకుండా కొనసాగారని న్యాయస్థానం గుర్తించింది. అక్కడ హాని కళ్లెదుట ఉంది. చక్రాల కుర్చీలో కూర్చుని ఆ యువకుడే తన కేసు వాదించుకున్నాడు.

కుటుంబ నియంత్రణ శిబిరాలలో పనిచేసినవారికి మరొక తీర్పు తెలియాలి. హర్యానాలో ఏడుగురు పిల్లలున్న ఒక కూలి మహిళకు ప్రభుత్వ వైద్యులు ఒకవైపు నాళానికి మాత్రమే శస్త్రచికిత్స చేసి, రెండవదానిని వదిలేశారు. ఆమె మళ్లీ గర్భవతి అయింది. గర్భం హానియా? బిడ్డ పుట్టడాన్ని నష్టం అనవచ్చునా? 1999లో బ్రిటిష్ ప్రభువుల సభ, కోరని గర్భధారణ తాలూకు నొప్పికి పరిహారం ఇవ్వవచ్చు గాని ఆరోగ్యవంతమైన బిడ్డను పెంచే ఖర్చు ఇవ్వలేమని చెప్పింది. 2000లో మన సుప్రీంకోర్టు ఆ దారిలో నడవలేదు. బీద తల్లికి ఆ పెంపకపు భారం నిజమైన భారమేనని, ప్రభుత్వం భరించాలని తీర్పిచ్చింది. 2005లో మరొక తీర్పులో, వైద్యుని నిర్లక్ష్యం రుజువు కానిదే ఆపరేషను విఫలమవడం ఒక్కటే పరిహారానికి చాలదని స్పష్టపరిచింది.

ఆకాశం నుంచి పడితే

ఇక శ్రీహరికోటకు తిరిగి వద్దాం. 1971 అక్టోబరు 9న అక్కడినుంచి మొదటి రాకెట్, రోహిణి-125, పైకి లేచింది. 2004 ఫిబ్రవరి 23న ఘన ఇంధనపు మోటారు తయారీ పనిలో మంటలు చెలరేగి ఆరుగురు ప్రాణాలు కోల్పోయారు. వారి విషయంలో హాని అంటే ఏమిటని ఎవరూ అడగనక్కరలేదు. ఆ పేరుకు తల వంచి ముందుకు సాగుదాం.

రాకెట్ శకలం దేశం బయట పడితే వర్తించేది 1972 నాటి అంతర్జాతీయ బాధ్యతా ఒడంబడిక. భారతదేశం అందులో 1979లో చేరింది. దాని ప్రకారం హాని అంటే ప్రాణనష్టం, శారీరక గాయం, ఆరోగ్యానికి కలిగిన ఇతర లోపం, లేదా ఆస్తినష్టం. "ఆరోగ్యానికి కలిగిన ఇతర లోపం" అన్న భావాన్ని చేర్చినందుకు వైద్యుడిగా నాకు ఆ ఒడంబడికమీద గౌరవం. భూమి మీద జరిగిన హానికి ప్రయోగించిన దేశం తప్పు ఉన్నా లేకపోయినా పూర్తి బాధ్యత వహించాలి. అంతరిక్షంలో జరిగిన హానికైతే తప్పు రుజువు కావాలి.

1978 జనవరి 24న సోవియట్ ఉపగ్రహం కాస్మోస్-954, అణు రియాక్టరుతో సహా, కెనడా ఉత్తర మంచుమైదానాలలో కూలింది. ఎవరికీ గాయం కాలేదు. అణుధార్మిక శకలాలు నేలమీద చల్లినట్టు పడ్డాయి. నేల విరగలేదు, కాలలేదు, కాని వాడుకోవడానికి పనికిరాకుండా పోయింది. అది ఆస్తికి జరిగిన హానియేనని కెనడా 60 లక్షల డాలర్లకు పైగా కోరింది. 1981లో సోవియట్ యూనియన్ 30 లక్షల కెనడా డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది. హాని అనే మాటకు అర్థం తేలకుండానే లెక్క తీరింది. 2023 జూలైలో పశ్చిమ ఆస్ట్రేలియాలోని గ్రీన్‌హెడ్ తీరానికి కొట్టుకువచ్చిన పెద్ద లోహపు డ్రమ్ము మన పీఎస్ఎల్‌వీ మూడవ దశ భాగం కావచ్చునని ఆ దేశపు అంతరిక్ష సంస్థ తేల్చింది. అది ఎవరికీ తగలలేదు. వింత చూశారు, అంతే. హాని లేదు కనుక పరిహారమూ లేదు.

ఆ ఒడంబడికలో చాలామందికి తెలియని ఒక నిబంధన ఉంది. ప్రయోగించిన దేశపు సొంత పౌరులకు అది వర్తించదు. ఆస్ట్రేలియా రైతుకు హాని జరిగితే ఎవరి తప్పో రుజువు చేయనక్కరలేదు. పులికాట్ ఒడ్డున ఉన్న జాలరి మాత్రం మన దేశపు చట్టాన్నే ఆశ్రయించాలి. 2017లో అంతరిక్ష కార్యకలాపాల బిల్లు ముసాయిదా ప్రజల ముందుకు వచ్చింది గాని ఇంతవరకు చట్టరూపం దాల్చలేదు. అతనికి ఆసరా, ఢిల్లీ ఓలియం వాయువు కేసులో 1986 డిసెంబరు 20న సుప్రీంకోర్టు చెప్పిన సూత్రం. ప్రమాదకరమైన పని చేసే సంస్థ, ఆ పనివలన హాని జరిగితే, జాగ్రత్తపడ్డామని చెప్పి తప్పించుకోలేదు. కాని అక్కడ కూడా హాని జరిగిందని చూపవలసినది బాధితుడే.

అదే జాలరి ప్రయోగం రోజున సముద్రంలోకి వెళ్లరాదన్న హెచ్చరికకు కట్టుబడి ఒక పూట వేట మానుకుంటాడు. ఆ కూలి పోవడం శారీరక హాని కాదు. అది కేవల ఆర్థిక నష్టం. నిర్లక్ష్యపు చట్టం దానిని సాధారణంగా ఒప్పుకోదు. 1969లో బర్మింగ్‌హాములో ఎవరో తవ్వుతూ విద్యుత్ తీగ తెంపారు. దానితో ఒక ఉక్కు కర్మాగారం ఆగిపోయింది. కొలిమిలో పాడైన లోహానికి 368 పౌండ్లు, దాని మీద రావలసిన లాభం 400 పౌండ్లు ఇచ్చారు. కరెంటు లేక మొదలుపెట్టలేకపోయిన నాలుగు కరిగింపుల లాభం 1767 పౌండ్లు మాత్రం ఇవ్వలేదు. పాడైన వస్తువు ఉంటేనే నష్టానికి లెక్క. ఆగిపోయిన చేతికి లెక్క లేదు. జాలరి కోసం ఏమైనా చేయాలంటే అది న్యాయస్థానం కన్నా ప్రభుత్వ విధానం చేయవలసిన పని.

మీకు నేను చెప్పదలచినది

ఈ నూట ముప్పై ఏళ్ల చరిత్రను ఒక్క మాటలో చెప్పాలంటే, చట్టపు చూపు వైద్యుని చూపు వెనుకనే నడిచింది. కన్ను చూసినంతకాలం కత్తిగాటే హాని. నాడులు అర్థమయ్యాక అదురు హాని అయింది. ఎక్స్‌రే వచ్చాక దుమ్ము హాని అయింది. ఎలర్జీ పరీక్ష వచ్చాక కనబడని సున్నితత్వం కూడా హాని అయింది. వైద్యుడు చూసి రాయనిదానిని న్యాయమూర్తి చూడలేడు.

కాబట్టి నా విన్నపాలు ఇవి. రాళ్లు, గనులు, రసాయనాలు, పురుగుమందుల పనిలో ఉన్నవారు వైద్యుని దగ్గరకు వెళ్లినప్పుడు మీ వృత్తిని, ఎన్నేళ్లుగా చేస్తున్నారో చెప్పండి. అది చీటీ మీద రాయమని అడగండి. అడగడం మీ హక్కు. పాత ఎక్స్‌రేలు, రక్తపరీక్షలు పారవేయకండి. ఈనాటి మామూలు ఎక్స్‌రే రేపటి మార్పును రుజువు చేస్తుంది. నొప్పి ఉంటే ఓర్చుకుంటూ కూర్చోకండి. పొట్టలో గుడ్డ మరచి కుట్టివేసిన ఒక కేసులో, ఏళ్ల తరబడి నొప్పి ఉన్నా ఆ రోగి శస్త్రవైద్యుని మళ్లీ సంప్రదించలేదన్న కారణంతో 2010లో సుప్రీంకోర్టు ఫిర్యాదును కాలపరిమితి కింద తోసిపుచ్చింది. వినియోగదారుల చట్టంలో గడువు రెండేళ్లు మాత్రమే.

ఇక నా యువ వైద్య సోదరులకు ఒక మాట. "గాయాలు లేవు" అని రాసే ముందు, చర్మం మీద లేవా, మనిషిలోనే లేవా అని ఒక్క క్షణం ఆలోచించండి. అనుమానం ఉంటే "పైకి కనబడే గాయాలు లేవు, వృత్తి: రాళ్లు కొట్టుట, పదేళ్లు, ఛాతీ ఎక్స్‌రేకు పంపడమైనది" అని రాయండి. ఆ వాక్యం రాయడానికి అర నిమిషం పడుతుంది. నేను ఆ అర నిమిషం ఇవ్వలేదు. లోపల ఉన్నదానిని ఎవరు చూడాలని అడిగిన ఆ తల్లికి ఆనాడు నేను చెప్పవలసిన జవాబు, "నేనే, అమ్మా."